కలిసొచ్చే కాలం

విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారంతోనో ఓడరేవుతోనో ముడిపడిన ఇళ్లలో ఏ శుభకార్యం మాట కదిలినా పంచాంగం కన్నా ముందు ఒక ప్రశ్న వస్తుంది: "ఆ వారం ఏ షిఫ్టు?" తిథి, నక్షత్రం ఆ తరవాత. పిల్లవాడి పుట్టినరోజు, సింహాచలం మొక్కు, శ్రీకాకుళంలో మేనమామ కూతురి పెళ్లి, ఏదైనా సరే ఆ ప్రశ్న దాటాకే ముందుకు సాగుతుంది. అదృష్టం పట్టిందని చెప్పడానికి తెలుగులో ఒక చక్కని మాట ఉంది: కాలం కలిసి రావడం. ఈ ఊళ్లో ఆ మాటకు అక్షరాలా అదే అర్థం. తండ్రికి దొరికిన బుధవారం, తల్లికి దొరికిన శనివారం, పిల్లలకు దొరికిన ఆదివారం ఒక్కచోటికి చేరితే కాలం కలిసి వచ్చినట్టు. ఇంటివాళ్లతో గడిపితే మనసు తేలికపడుతుందని అందరూ ఒప్పుకుంటారు. ఆ హాయి ఎక్కడ పుడుతుందన్న దగ్గరే మన లెక్క తప్పుతోంది. ఎన్ని గంటలు దొరికాయని చూస్తున్నాం గానీ, ఆ గంటలు ఇంట్లో అందరికీ ఒకేసారి దొరికాయా అని చూడటం లేదు. సేద తీరడానికి గంటల సంఖ్య కన్నా అవి కలవడమే ముఖ్యమనుకుంటే, కుటుంబ సమయం అనేది ఎవరి మంచితనానికి వాళ్లకు వదిలేసే సొంత వ్యవహారంగా మిగలదు. డ్యూటీ చార్టులు, సెలవుల పట్టికలు, వంటింటి పని పంపకాలు అన్నీ అందులోకి వస్తాయి.

ముందు ఈ ఊరు ఎందుకు నిద్రపోదో చూద్దాం. 1966లో ప్రాణాలు పోగొట్టుకుని మరీ ఆంధ్రులు పోరాడి తెచ్చుకున్న ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు తెలుగింటి ఆడపిల్లలకు పెట్టినట్టే పేర్లు పెట్టుకున్నారు. కానీ వాటి స్వభావం ఇంటి పొయ్యి లాంటిది కాదు. కోక్ ఓవెన్ బ్యాటరీ ఒకసారి రాజుకున్నాక ఏళ్ల తరబడి వేడిగానే ఉండాలి. చల్లారిందంటే లోపలి సిలికా ఇటుకలు బీటలువారతాయి. ఫర్నేసు అడుగున కరిగిన ఇనుము గడ్డకట్టిందంటే మళ్లీ దారికి తేవడం మహా కష్టం. అంచేత అక్కడ ఆదివారం లేదు, అర్ధరాత్రి లేదు. ఇలా మూడు షిఫ్టులు నడిచేచోట సాధారణంగా ఉదయం ఆరింటికి ఒక జట్టు, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, రాత్రి పదింటికి మరొకటి లోపలికి వెళ్తాయి. వారానికి ఉన్నవి 168 గంటలు. ఒక్కొక్కరు 48 గంటలకు మించి పని చేయకూడదంటే మూడు జట్లు చాలవు, నాలుగోది కావాలి. నాలుగు జట్ల మధ్య పని తిరుగుతుంటే సెలవు కూడా తిరుగుతుంది. అలా తిరిగే వారపు సెలవును ఏడు రోజులకూ సమానంగా పంచితే ఒక కార్మికుడి వంతుకు ఆదివారం ఏడు వారాలకోసారి వస్తుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, ఉన్నది నిప్పు లెక్క.

ఓడరేవుదీ ఇదే కథ. 1933లో మొదలైన రేవుకు డాల్ఫిన్స్ నోస్ కొండ అండగా నిలిచి తుపాను గాలుల్ని ఆపింది గానీ, గడియారాన్ని ఆపలేకపోయింది. బెర్తు దగ్గర ఓడ ఊరికే నిలబడితే గంట గంటకూ ఖర్చు. అందుకే బొగ్గు దించేవాళ్లు, ఖనిజం ఎత్తేవాళ్లు, క్రేన్ నడిపేవాళ్లు, టగ్‌ల మీద ఉండేవాళ్లు వంతులవారీగా రాత్రంతా మేలుకుంటారు. ఓడ మీద ఉండేవాళ్ల వియోగం గంటల్లో తేలేది కాదు, నెలల లెక్క. నావికుల పనివేళలు, ఇంటికి తిరిగి వెళ్లే హక్కుల గురించి 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి మన దేశం 2015లో ఆమోదం తెలిపింది. ఆ ఒప్పందం ప్రకారం ఎవర్నీ ఏడాదికి మించి వరసగా ఓడ మీద ఉంచకూడదు. కొవిడ్ కాలంలో ఆ ఏర్పాటు దెబ్బతిని, గడువు దాటినా దిగలేక ఓడల మీదే చిక్కుపడిన నావికుల సంఖ్య 2020 చివరికి 4 లక్షలని అంతర్జాతీయ సముద్ర సంస్థ అంచనా వేసింది. నేవీ, ఆసుపత్రులు, రైల్వే, అమెరికా పగటివేళకు రాత్రి మేలుకునే రుషికొండ సాఫ్ట్‌వేర్ ఆఫీసులు కూడా కలిపి చూస్తే, ఈ ఊళ్లో చాలా ఇళ్లు ఒకే కప్పు కింద రెండు మూడు గడియారాలతో నడుస్తున్నట్టు లెక్క.

ఈ షిఫ్టుల వల్ల ఒంటికి వచ్చే చేటు గురించి వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్ కారకం కావచ్చన్న వాటి జాబితాలో 2007లో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది. ఇంటికి వచ్చే చేటు అంత తేలిగ్గా కంటికి కనపడదు. చట్టాలు కూడా దాన్ని పట్టించుకోలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్లతరబడి పోరాడితే 1890లో ఆదివారం సెలవు దక్కింది. కానీ 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికో రోజు సెలవు ఉండాలని రాస్తూ, ఆదివారం పని చేయించుకుంటే దానికి మూడు రోజులు ముందో వెనకో మరో రోజు ఇస్తే సరిపోతుందని వెసులుబాటు ఇచ్చింది. ఒంటి అలసట వరకూ చూస్తే ఈ ఏర్పాటు సబబే. నడుముకు బుధవారమైనా ఆదివారమైనా ఒకటే. ఇంటికి మాత్రం ఒకటి కాదు. బుధవారం పిల్లలు బడిలో ఉంటారు, అక్కాబావలు వాళ్ల పనుల్లో ఉంటారు, పక్కింటి స్నేహితుడు మధ్యాహ్నం మొదలయ్యే బి షిఫ్టులో ఉంటాడు. సెలవు దొరికిన మనిషి నిద్ర లేచి, ఖాళీ ఇంట్లో ఒక్కడే అన్నం పెట్టుకు తిని, కరెంటు బిల్లు కట్టి వస్తాడు. ఒక్క గంట కూడా కోత పడలేదు, అయినా సెలవు చేతికి రాలేదు.

ఇది ఊహ కాదనడానికి బలమైన ఆధారం ఉంది. అమెరికాలో క్రిస్టొబల్ యంగ్, చేయూన్ లిమ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 5 లక్షల మందికి పైగా పాల్గొన్న గ్యాలప్ సర్వే సమాధానాలను విశ్లేషించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఉద్యోగులకు శని, ఆదివారాల్లో ఉల్లాసం పెరుగుతుందని తేలడం వింతేమీ కాదు. ఉద్యోగం లేనివాళ్లకు కూడా దాదాపు అంతే పెరిగి, సోమవారం రాగానే అంతే పడిపోతుందని తేలింది. వాళ్లకు వారమంతా ఖాళీయే కదా, శనివారం కొత్తగా కలిసొచ్చిందేమిటి? తీరిక పెరగలేదు. తక్కినవాళ్లు ఇంటికి వచ్చారు. ఈ ఒక్క ఫలితం చాలు, తీరిక అనేది ఎవరి జేబులో వాళ్లు దాచుకునే చిల్లర కాదని చెప్పడానికి. అది ఫోను లాంటిది: అవతల ఎత్తేవాళ్లుంటేనే మన చేతిలో ఉన్నదానికి విలువ. స్వీడన్‌లో టెరీ హార్టిగ్ అనే పరిశోధకుడి బృందం 1993 నుంచి 2005 వరకు నెలనెలా అమ్ముడైన కుంగుబాటు మందుల లెక్కలు తీసి, ఆయా నెలల్లో ఎంతమంది సెలవులో ఉన్నారో పక్కన పెట్టి చూసింది. ఎక్కువమంది ఒకేసారి సెలవులో ఉన్నకొద్దీ మందుల వాడకం తగ్గింది. ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దవాళ్లలోనూ అదే కనిపించింది. తమకంటూ కొత్తగా సెలవేమీ రాకపోయినా కొడుకులూ కూతుళ్లూ మనవలూ ఖాళీగా దొరకడం వాళ్లకు మందులా పనిచేసిందని అనుకోవచ్చు.

ఇదే సంగతిని తిరగేసి నిరూపించిన దేశం కూడా ఉంది. సోవియట్ రష్యాలో 1929లో యంత్రాలు ఒక్కరోజు కూడా ఆగకూడదని ఏడు రోజుల వారాన్నే రద్దు చేశారు. అయిదు రోజుల వారం తెచ్చి, కార్మికుల్ని అయిదు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకూ ఒక రంగు కేటాయించారు. నాలుగు రోజులు పని, అయిదో రోజు సెలవు. లెక్క ప్రకారం ఇది కార్మికుడికి లాభమే, ఎందుకంటే ఏడు రోజులకు బదులు అయిదు రోజులకే విశ్రాంతి. అయినా జనం సంతోషించలేదు. భర్తది ఒక రంగు, భార్యది ఒక రంగు, పిల్లల బడిది మరో రంగు అయితే సెలవు ఎక్కువై ఏం లాభమని గోల పెట్టారు. రెండేళ్ల తరవాత, 1931లో, అందరికీ ఉమ్మడి సెలవు ఉండే ఆరు రోజుల వారానికి మారారు. 1940లో పాత ఏడు రోజుల వారం, దానితోపాటు ఆదివారం తిరిగొచ్చాయి. అంతటి బలమైన ప్రభుత్వం కూడా గెలవలేకపోయిన చోటు అది. సెలవులు పెంచి, వాటిని విడగొట్టి ఇస్తే మనుషులకు దక్కింది విశ్రాంతి కాదు, ఒంటరితనం.

మన పూర్వులకు ఈ విషయం చెప్పడానికి సర్వేలు అక్కర్లేకపోయింది. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. ఆ రోజు ప్రయాణం కూడదన్న కట్టడిని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులభం. కానీ అది చేసిన పని చూడండి. భోగికి వచ్చిన కూతురూ అల్లుడూ సంక్రాంతి భోజనం కాగానే మూటాముల్లే సర్దుకోకుండా ఇంకో పూట ఆగుతారు. ఆ రోజు ఎద్దులను కూడా పనికి కట్టరు గనక రైతుకు పొలం వెళ్లాలన్న వంక ఉండదు. పిండివంటల హడావుడి అయిపోయి, మినప గారెలు తిని, ఏ పనీ లేకుండా అరుగు మీద కూర్చునే ఆ పూటలోనే అసలు మాటలు బయటికి వస్తాయి. విశాఖకు తనవైన ఉమ్మడి గడియారాలూ ఉన్నాయి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ, వైశాఖంలో అక్షయ తృతీయ నాటి చందనోత్సవం, మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి దర్శనం. ఇంటిల్లిపాదీ కలిసి రాత్రంతా నడిచే ప్రదక్షిణలో దైవభక్తి ఎంతో, ఒకరి పక్కన ఒకరు గంటల తరబడి నడిచే వీలు కూడా అంతే. పండగంటే ఊరంతా కలిసి వేసుకున్న డ్యూటీ చార్టు. అందులో అందరి ఆఫూ ఒకే రోజు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం వినడానికి బాగుంటుంది. ఎంతసేపు గడిపామన్నది ముఖ్యం కాదు, ఎంత శ్రద్ధగా గడిపామన్నదే ముఖ్యమని అంటారు. రోజుకో అరగంట ఫోను పక్కన పెట్టి పిల్లలతో మాట్లాడితే చాలదా? శ్రద్ధ కావాలన్నది నిజమే. నలుగురూ ఒకే గదిలో నాలుగు తెరలు చూస్తూ కూర్చుంటే కాలం కలిసినా మనుషులు కలిసినట్టు కాదు. కానీ శ్రద్ధ మన చేతిలో ఉన్నా, సందర్భం మన చేతిలో ఉండదు. పదో తరగతి కుర్రాడు లెక్కల పరీక్ష పోయిందన్న సంగతి ఏడున్నర నుంచి ఎనిమిది దాకా అని పెట్టుకున్న అరగంటలో చెప్పడు. ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ పొట్లం సగం అయ్యాక, ఎవరూ ఏమీ అడగనప్పుడు, అలల వైపు చూస్తూ చెబుతాడు. ముసలి తల్లి మోకాలి నొప్పి సంగతి ఫోనులో దాచిపెడుతుంది, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు నోరు జారుతుంది. మంచి మాటకు చాలా వృథా కాలం కావాలి, పాలు మరిగితేనే మీగడ కట్టినట్టు. ఆ వృథా కాలం ఇద్దరికీ ఒకేసారి ఉండాలి. ఒకరు వాచీ చూసుకుంటుంటే రెండోవాళ్లు మాట మింగేస్తారు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. కలిసి కూర్చుంటే కడుపు నిండుతుందా అని అడుగుతారు. ఓవర్‌టైమ్ డబ్బుతోనే పిల్లల ఫీజు కట్టే ఇంటికి ఆదివారం విలువ చెప్పడం అన్నీ ఉన్నవాడు చెప్పే వేదాంతమే. దీనికి జవాబు విశాఖ చేపల రేవులోనే దొరుకుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధిస్తారు. మిగతా ఏడాది రోజుల తరబడి నడిసముద్రంలో ఉండే మనుషులందరూ ఒకేసారి ఒడ్డున ఉంటారు. పిల్లలకూ అది వేసవి సెలవుల కాలం. మన కొలత ప్రకారం అది ఏడాదిలోకల్లా కాలం కలిసి వచ్చిన వేళ. కానీ చేతిలో రాబడి లేకపోతే ఆ రెండు నెలలూ అప్పుల చింతతో గడుస్తాయి. ఇంట్లో మనిషి ఉంటాడు, మనసు ఉండదు. ప్రభుత్వం ఈ కాలానికి ఇచ్చే భృతిని 2025లో కుటుంబానికి 20,000 రూపాయలకు పెంచింది. అంతకు ముందు అది 10,000. ఆ డబ్బు చాలుతుందా లేదా అన్నది వేరే చర్చ. తీరికకు కూడా పెట్టుబడి కావాలన్న సంగతిని ఒప్పుకున్నట్టే కదా. అభ్యంతరం నిజమే గానీ, అది మన వాదనను పడగొట్టదు, దానికి ఒక షరతు చేరుస్తుంది: జీతం తెగని సెలవే సెలవు. పూట గడవడానికీ పూట కలిసి గడపడానికీ మధ్య ఒకటి ఎంచుకోవలసి రావడమే అసలు పేదరికం.

మూడో అభ్యంతరం ఇంటి లోపలి నుంచి వస్తుంది, చాలామంది మగవాళ్లు దాన్ని వినిపించుకోరు. కుటుంబమంతా ఇంట్లో ఉన్న రోజు ఎవరికి విశ్రాంతి? ఆదివారం అంటే రెండు కూరలు ఎక్కువ, చేపలు శుభ్రం చేయడం ఎక్కువ, అంట్లు ఎక్కువ. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో ఆడవాళ్లలో 81 శాతం మంది జీతం లేని ఇంటిపని చేస్తున్నట్టు, మగవాళ్లలో 26 శాతం మందే చేస్తున్నట్టు తేలింది. ఆ పని చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు పడితే మగవాళ్లకు 97. 2024 సర్వేలోనూ చిత్రం పెద్దగా మారలేదు. అంటే దాదాపు అయిదు గంటల షిఫ్టు ఒకటి ఇంట్లోనే నడుస్తోంది. దానికి వీక్లీ ఆఫ్ లేదు, రిలీవర్ రాడు. షిఫ్టు డ్యూటీ ఇంట్లో ఇల్లాలి పని ఇంకాస్త చిక్కు: తెల్లవారుజామున ఒకరికి క్యారేజీ, ఎనిమిదింటికి పిల్లలకు, రాత్రి పదిన్నరకు ఇంకొకరికి వేడన్నం. పైగా రాత్రంతా సి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే మిక్సీ తిప్పకూడదు, పిల్లల గొంతు లేవకూడదు. తన డ్యూటీ దిగకుండానే అందరూ ఇంట్లో ఉంటే ఆమె కాలం వాళ్ల కాలంతో కలిసినట్టు కాదు. కాబట్టి సేద తీరడం కుటుంబానిది కావాలంటే వంటింటి గడియారం కూడా అదే సమయానికి ఆగాలి. ఆదివారం కూర మగవాళ్లు తరగడం, ఒక పూట పొయ్యి వెలిగించకపోవడం చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ ఇక్కడ అవే అసలు కొలత.

చివరి అభ్యంతరం ఇంజినీరుది. ఫర్నేసు ఆగదని మీరే అన్నారు, ఇక చేయగలిగింది ఏముంది? ఫర్నేసును ఆపమని ఎవరూ అడగడం లేదు. ఆపలేని పని ఉన్నచోట కలిసే కాలాన్ని ముందే గుర్తుపట్టి కాపాడడమే అడిగేది. ఎవరికి ఏ వారం ఏ షిఫ్టో రెండు నెలల ముందే తెలిస్తే ఇల్లు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఆఖరి నిమిషంలో పడే డబుల్ డ్యూటీ అదే ఇంటిని తలకిందులు చేస్తుంది. ఆదివారాలు తిరిగే వరస తప్పకుండా పాటించడం, ఒక ఏడాది సంక్రాంతికి డ్యూటీలో ఉన్నవాళ్లకు మరుసటి ఏడాది తప్పనిసరిగా సెలవివ్వడం, ఒకరితో ఒకరు షిఫ్టు మార్చుకునే వీలు తేలిక చేయడం, భార్యాభర్తలిద్దరూ షిఫ్టు ఉద్యోగులైతే ఇద్దరి చార్టూ పక్కపక్కన పెట్టి చూడటం, వీటిలో ఏదీ టన్ను ఉక్కు తగ్గించదు. అందుకు కావలసింది కొంచెం అదనపు సిబ్బంది, కాస్త ముందుచూపు. మనుషుల్ని తగ్గించుకుంటూ పోయే ఏ సంస్థలోనైనా మొదట పోయేది ఈ వెసులుబాటే. ఇంటివైపు నుంచి చేయగలిగిందీ ఉంది. ఆదివారం దొరకనప్పుడు బుధవారం సాయంత్రాన్నే ఆదివారం చేసుకోవచ్చు, ట్యూషన్ ఒక పూట మానిపించి భీమిలి రోడ్డు పట్టవచ్చు. అయితే ఇంటర్ కాలేజీలు ఆదివారం పూట కూడా పరీక్షలు పెడుతూ పిల్లల కాలాన్ని సైతం కోక్ ఓవెన్‌లా మండిస్తుంటే, తండ్రికి సెలవు దొరికి మాత్రం ఏం ప్రయోజనం? పొయ్యి చల్లారితే బీటలువారుతుందన్నది ఇటుకల విషయంలో నిజం. పదహారేళ్ల పిల్లల విషయంలో అది అబద్ధం.

ఇన్నాళ్లూ ఈ ఊళ్లో ప్రశ్న ఒకవైపు నుంచే నడిచింది. ఈ వారం ఏ షిఫ్టని ఇల్లు అడుగుతుంది, చార్టు చెబుతుంది, ఇల్లు సర్దుకుంటుంది. పుట్టినరోజు కేకు రాత్రి పదకొండింటికి కోస్తారు, లేదా మర్నాటికి వాయిదా వేస్తారు. సర్దుకోవడంలో విశాఖ ఇళ్లకు ఉన్న నేర్పు గొప్పదే. కానీ ఎంతసేపూ ఒకవైపే సర్దుకుంటే దాన్ని నేర్పు అనడం కన్నా అలవాటుపడిన నష్టం అనడం న్యాయం. చార్టు వేసే బల్ల దగ్గర కూడా ఎవరో ఒకరు తల ఎత్తి అటునుంచి ఒక ప్రశ్న అడగాలి: "ఈ వారం మీ ఇంట్లో ఏముంది?" ప్రతిసారీ అడిగిన సెలవు ఇవ్వలేకపోవచ్చు, నిప్పు తన లెక్క తాను చెబుతుంది. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబును కూడా చార్టులో ఒక గడిలో రాసుకున్న నాడు, ఈ ఊళ్లో కాలం కలిసి రావడం ఒట్టి అదృష్టానికే వదిలేసిన సంగతిగా ఉండదు.